ముహూర్తం అడిగే అలంకారం

గుడిలో పెళ్ళికి వధువును సింగారించడం, విందుసభలో నిలబెట్టడానికి సింగారించడం ఒకటి కావు. విందుసభలో ఆమె ఒకచోట నిలుచుంటుంది, వచ్చినవారు చూసి దీవించి ఫొటో దిగి వెళతారు, కాబట్టి అక్కడ అలంకారం కంటికి నిండుగా ఉంటే దాని పని తీరిపోతుంది. గుడి మండపంలో పీటల మీద కూర్చున్న వధువుకు మాత్రం రెండు మూడు గంటల పాటు క్రియ వెంట క్రియ జరుగుతూనే ఉంటుంది. నడినెత్తిన జీలకర్ర బెల్లం పెడతారు, నుదుటికి బాసికం కడతారు, మెడలో మూడు ముళ్ళు వేస్తారు, దోసిట్లో తలంబ్రాలు పోస్తారు, కాలివేళ్ళకు మెట్టెలు తొడుగుతారు. నెత్తి, నుదురు, మెడ వెనుక భాగం, అరచేతులు, కాలివేళ్ళు అనే ఈ ఐదు చోట్లూ పెళ్ళితంతు తనకోసం అట్టిపెట్టుకున్న స్థానాలు. నగ గానీ పూవు గానీ రంగు గానీ వీటికి అడ్డం రాకుండా వీటి చుట్టూ అమరాలన్నదే గుడి పెళ్ళి అలంకారానికి మూలసూత్రం. ఈ అధ్యాయంలో చెప్పబోయే మెళకువలన్నీ దాని నుంచే పుట్టినవి.

అలంకారం అనే మాటలోనే ఈ భావం కొంత దాగి ఉంది. సంస్కృతంలో ‘అలం’ అంటే ‘చాలు’ అని అర్థం, కనుక అలంకరించడమంటే చాలినంతగా చేయడం, లోటు లేకుండా పూర్తి చేయడం. గుడిలో ఈ చాలినంత అనే కొలతకు ఒక ప్రమాణం కళ్ళెదుటే ఉంటుంది. తెలుగునాట పెద్ద ఆలయాలన్నిటిలోనూ స్వామికి కల్యాణం జరుగుతుంది, తిరుమలలో అది నిత్యకల్యాణం; మనుషుల పెళ్ళికి ముందు అక్కడ దేవుడి పెళ్ళి ఉన్నది. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రాల్లో శివపార్వతుల కల్యాణాన్ని గీసిన విజయనగర కాలపు చిత్రకారులు స్త్రీల చీరల అంచులనూ, కొప్పులనూ, నగలనూ ఎంత ఓపికగా దిద్దారంటే, నేటి నేతగాళ్ళు కూడా ఆ నమూనాలను చూసి అంచులు నేస్తున్నారు. పాపిడికి రెండు వైపులా పెట్టే సూర్యచంద్రులు, జడ పొడవునా కుట్టే జడబిళ్ళలు, నడుముకు వడ్డాణం, దండకు వంకీ, మెడలో కాసులపేరు ఇవన్నీ అమ్మవారి ఉత్సవమూర్తికీ, కూచిపూడి నర్తకికీ, పెళ్ళికూతురికీ ఉమ్మడి నగలు. అయితే ఉత్సవమూర్తి కదలదు, నర్తకి పీటల మీద కూర్చోదు. వధువు కదులుతుంది, కూర్చుంటుంది, వంగుతుంది, చెమట పడుతుంది, కన్నీరు పెడుతుంది. ఆ తేడాను పట్టించుకోకుండా విగ్రహానికి పెట్టినట్టు నగలు పెట్టడమే ఇప్పటి పెళ్ళిళ్ళలో ఎక్కువగా జరుగుతున్న పొరపాటు.

నడినెత్తి, జడ

ఐదు స్థానాల్లో మొదటిదీ, అలంకరించేవారు ఎక్కువగా మరచిపోయేదీ నడినెత్తి. తెలుగు పెళ్ళిలో సుముహూర్తమంటే మాంగల్యధారణ కాదు, వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం ఉంచే క్షణం. పంచాంగం చూసి గంటలూ నిమిషాలూ లెక్కగట్టేది ఆ క్షణానికే. దంచిన జీలకర్ర బెల్లం ముద్దను తమలపాకు మీద పెట్టి, బ్రహ్మరంధ్రం ఉన్నదని చెప్పే నడినెత్తి మీద అదిమి పట్టుకుంటారు, ఆ తరువాతే అడ్డుతెర తొలగి ఒకరినొకరు చూసుకుంటారు. ఇంత ముఖ్యమైన చోటును పాపిటబిళ్ళ గొలుసుతోనో, వెనక్కి దువ్వి ఎత్తుగా లేపిన పఫ్‌తోనో, జడ మొదట్లో పెట్టే గుండ్రని రాగిడి బిళ్ళతోనో కప్పేస్తే, పురోహితుడు తొందరపెడుతుండగా పెద్దముత్తైదువ ఎవరో పిన్నులు లాగి చోటు చేయవలసి వస్తుంది, అప్పుడు మూడు గంటల కష్టం నిమిషంలో చెదిరిపోతుంది.

అందుచేత జడ వేసే ముందే ఒక తమలపాకును నడినెత్తి మీద పెట్టి చూసి, ఆ ఆకు పరచుకున్నంత మేర ఖాళీగా వదలాలని గుర్తు పెట్టుకోవడం మేలు. పాపిడి సూటిగా, సన్నగా తీసి, జుట్టును తలకు ఆనించి దువ్వి, రాగిడిని నడినెత్తి నుంచి కిందికి దించి జడ మొదలయ్యే చోట అమర్చాలి. పాపిటబిళ్ళ కొక్కేన్ని ఆకు హద్దుకు ఇవతలే జుట్టుకు తగిలించాలి. జుట్టు నిలవడానికి కొట్టే స్ప్రేను ఆ భాగంలో వాడకపోవడం మంచిది, ఎందుకంటే దాని జిగురు, బెల్లం జిగురు కలిసి ఆరితే ఆ ముద్దను విడదీయడానికి జుట్టు తెంచుకోవలసిందే. ముద్ద దంచే ఇంటివారికి కూడా ఒక మాట చెప్పి ఉంచాలి. బెల్లం పాకంలా పలచబడితే మండపపు వేడికి అది కరిగి పాపిడి వెంట నుదుటి మీదికి జారుతుంది, గట్టిగా ముద్దకట్టేలా దంచితే పెట్టిన చోటే నిలుస్తుంది.

జడ తెలుగు వధువు సింగారంలో తలమానికం. సిద్ధేంద్రయోగి భామాకలాపంలో సత్యభామ జడకు ఇచ్చిన ప్రాధాన్యం కూచిపూడి తెలిసినవారికి చెప్పనవసరం లేదు. వేసవి వచ్చిందంటే ఆడపిల్లలకు మల్లెమొగ్గల పూలజడ కుట్టించి, వెనుక అద్దం పెట్టి ముఖమూ జడా రెండూ పడేలా ఫొటో తీయించిన ఇళ్ళు కోస్తా జిల్లాల్లో కోకొల్లలు. పెళ్ళిజడకు పొడవూ లావూ రావడానికి సవరం, అంటే విడిజుట్టు పాయలు, కలిపి అల్లి, చివర జడకుప్పెలు వేలాడదీస్తారు. పైన జడబిళ్ళలు కుట్టడం ఒక పద్ధతి, పూలు కుట్టడం ఇంకొక పద్ధతి. రెండూ ఒకే జడ మీదికి ఎక్కించాలన్న మోజు ఈమధ్య పెరిగింది గానీ, సవరంతో, నగతో, పూలతో కలిసి ఆ బరువంతా వెనుక జుట్టు కుదుళ్ళ మీదే పడుతుంది; రెండో గంటకు మొదలైన తలనొప్పి వధువు ముఖంలో కనిపించకుండా ఏ మేకప్పూ ఆపలేదు. కుట్టిన జడను ముందుగా వంటింటి త్రాసులో పెట్టి చూడటం, పెళ్ళికి వారం ముందు అంతే బరువు సవరాన్ని గంటసేపు కట్టుకుని కూర్చోవడం వంటి చిన్న పరీక్షలు ఈ బాధను తప్పిస్తాయి.

పూల విషయంలో కాలాన్నీ వేళనూ ఎరిగి ఉండాలి. మల్లెలు వేసవి పూలు. చైత్ర వైశాఖాల్లో దొరికినంత విరివిగా మార్గశిరంలో దొరకవు, శీతాకాలపు పెళ్ళికి కాకడాలు, చామంతులు, కనకాంబరాలు, మరువంతో జడ నింపడం వివేకం. మల్లెమొగ్గ సాయంత్రం దాటాక విచ్చుకుంటుంది గనుక, రాత్రి ముహూర్తమైతే గట్టి మొగ్గలను మధ్యాహ్నం కుట్టి తడిగుడ్డ చుట్టి ఉంచితే వధువు పీటల మీద కూర్చునే వేళకు అవి జడలోనే విచ్చుకుని పరిమళిస్తాయి. పగటి ముహూర్తానికి ఇదే లెక్క పనికిరాదు, రాత్రి విచ్చిన పూలు తెల్లవారేసరికి రంగు మారి వాడిపోతాయి.

జడకు సంబంధించిన మరొక మాట మాంగల్యధారణతో ముడిపడి ఉంది. వరుడు మూడు ముళ్ళు వేసేటప్పుడు వధువు వెనుక నిలిచిన ఆడపడుచు జడను పైకెత్తి పట్టుకుంటుంది. అట్ట మీద కుట్టి బిగించిన పూలజడ కర్రలా బిగుసుకుని ఉంటే అది పైకి లేవదు, లేపితే పూలు రాలతాయి. మెడ దగ్గర ఒక జానెడు మేర పూలు పలచగా కుట్టి, అక్కడ జడ వంగేలా చూస్తే ఈ ఇబ్బంది ఉండదు. ఇదే చోట నగల దారాలు కూడా ఒకదాని మీద ఒకటి చేరుతాయి. కంటె, గుత్తపూసల హారం, కాసులపేరు, మామిడిపిందెల హారం, అన్నిటి పట్టుదారపు ముడులూ మెడ వెనుక ఒకేచోట గుట్టగా పడితే, పసుపుతాడు ముడి ఏదో హారపు ముడి ఏదో వరుడి చేతికి తెలియదు. మెడకు ఆనుకునే నగ ఒకటే ఉంచి, మిగిలిన హారాల దారాలను వీపు మీద కిందికి దించి కట్టడం దీనికి పరిష్కారం. గుత్తపూసలంటే సన్నని ముత్యాలను గుత్తులుగా కూర్చి అంచున వేలాడదీసిన హారం. ఆ గుత్తుల్లో తలంబ్రాల బియ్యం ఇరుక్కుంటాయి కనుక, నెయ్యీ పసుపూ అంటిన ఆ గింజలను అదే రాత్రి మెత్తని కుంచెతో తీసివేయడం నగకు మంచిది.

నుదురు, ముఖం, రంగు

ముఖానికి రంగు వేసే ముందు పసుపు గురించి మాట్లాడుకోవాలి. పెళ్ళికూతుర్ని చేసేటప్పుడూ, మంగళస్నానానికి ముందూ ముత్తైదువలు నలుగు పెడతారు. నలుగంటే నువ్వులనూనె పట్టించి, సున్నిపిండిలో పసుపు కలిపి ఒంటికి రుద్దడం. పసుపులోని రంగు చర్మం పైపొరకు పట్టుకుని, ఒకటి రెండు రోజులు వదలదు. వారం ముందు మామూలు ముఖం మీద సరిచూసి కొన్న ఫౌండేషన్, పెళ్ళినాటి పసుపు ముఖం మీద బూడిద రంగులోకో గులాబీ రంగులోకో తిరిగి, మెడకూ ముఖానికీ పొత్తు లేకుండా పోవడానికి కారణం ఇదే. దీనికి మందు నలుగు మానేయడం కాదు. నలుగు ఈ పెళ్ళికి ప్రాణం, మేకప్ దానికి తోడుగా వచ్చింది. ముఖానికి మాత్రం మరక తక్కువగా పట్టే కస్తూరి పసుపు వాడమని అత్తలకూ పిన్నులకూ ముందే చెప్పవచ్చు. మేకప్ ట్రయల్‌ను కూడా పసుపు రాసుకుని కడిగిన రోజునే పెట్టుకుని, పగటి వెలుతురులో దవడ అంచున రంగు కలుస్తున్నదా లేదా చూసి ఎంచుకోవచ్చు. కనుబొమలు తీయించుకోవడం, వ్యాక్సింగ్ వంటివి నలుగుకు కనీసం రెండు మూడు రోజుల ముందే ముగియాలి, లేకపోతే రేగిన చర్మం మీద పసుపు మంట పుట్టిస్తుంది. చర్మానికి కొత్తదైన ఏ క్రీమునూ, ఏ చికిత్సనూ చివరి రెండు వారాల్లో మొదలుపెట్టకూడదు.

రంగును ఎంచేటప్పుడు ఒక నియమాన్ని గట్టిగా పట్టుకోవాలి. వధువు ఏ ఛాయ అయితే ఆ ఛాయలోనే మెరవాలి. చామనఛాయ అమ్మాయిని రెండు మూడు మెట్లు తెల్లగా చేసి కూర్చోబెట్టడం ఆమె పుట్టుకను తప్పుపట్టడమే, అంతకన్నా పెద్ద అవమానం అలంకరించేవారు చేయలేరు. పైగా చేతులు, మెడ, పాదాలు తమ రంగులో తాము ఉండి, ముఖం ఒక్కటే వేరుగా తేలిపోతుంది. కెంపుల నగలు, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు పట్టు, బంగారు జరీ ఇవన్నీ చామన, నలుపు ఛాయల మీదే ఎక్కువ శోభిస్తాయి. దక్షిణాది దేవాలయాల్లోని మూలమూర్తులు చాలావరకు నల్లరాతి విగ్రహాలే. ఆ నలుపు మీద బంగారం ఎలా వెలుగుతుందో గర్భగుడి ముందు నిలబడి చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

గుడి మండపంలో వెలుతురు ఒక రకంగా ఉండదు. దీపాల వెలుగు, హోమం వెలుగు పసుపుగా ఉంటాయి, వీడియో లైట్లు తెల్లగా కొడతాయి, మధ్యమధ్య ఫ్లాష్ మెరుస్తుంది. ఎండ నుంచి కాపాడే క్రీముల్లో ఉండే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, కొన్ని పౌడర్లలోని సిలికా ఫ్లాష్ వెలుతురును తిప్పికొట్టి ఫొటోలో ముఖాన్ని సున్నం పూసినట్టు చూపిస్తాయి; మేకప్‌వారు దీన్నే ఫ్లాష్‌బ్యాక్ అంటారు. ట్రయల్ రోజున చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీసి చూసుకుంటే ఇది తేలిపోతుంది. కోస్తా గాలిలోని తేమకూ, హోమగుండం సెగకూ మందంగా వేసిన పూత నిలవదు. పలుచని పొర వేసి, పౌడర్‌తో అద్ది, మళ్ళీ పలుచని పొర వేయడమే నిలిచే పద్ధతి. చెమట పడితే తుడవకూడదు, నూలుగుడ్డతో అద్దాలి. తోడుపెళ్ళికూతురికి ఈ ఒక్క పని నేర్పి పక్కన కూర్చోబెడితే సగం మేకప్ గట్టెక్కినట్టే.

కళ్ళకు కాటుక తీర్చినప్పుడే తెలుగు పెళ్ళికూతురి ముఖానికి నిండుదనం వస్తుంది. అయితే హోమం పొగకు కళ్ళు నీళ్ళు కారతాయి, అప్పగింతల వేళ అంతకన్నా ఎక్కువగా కారతాయి. నీటికి చెదరని మస్కారా, కాటుక వాడి, కింది రెప్ప లోపల గీతను సన్నగా ఉంచితే చెంపల మీదికి జారదు. బజారులో పేరు లేకుండా దొరికే సుర్మా, కాటుకల్లో సీసం కలిసి ఉండే ప్రమాదం ఉంది కనుక వాటిని కంటి దగ్గరికి రానివ్వకూడదు.

నుదుటి బొట్టుకు ఈ అధ్యాయంలో ప్రత్యేకమైన చోటు ఇవ్వాలి. సంప్రదాయపు కుంకుమ అంటే పసుపును సున్నం వంటి క్షారంతో కలిపి ఎరుపెక్కించినది. పాదాలకు పూసే పారాణి కూడా ఆ పసుపూ సున్నాల కలయికే. రంగులు కలిపిన కుంకుమ చాలామందికి దురద, మంట పుట్టిస్తుంది. అతికించే బిళ్ళల జిగురులోని ఒక రసాయనం పడనివారికి ఆ చోట చర్మం తెల్లబారి మచ్చ మిగలడం కూడా చర్మవైద్యులకు తెలిసిన సంగతే. వెనుకటి తరం స్త్రీలు మైనం రాసి దాని మీద కుంకుమ అద్దేవారు, ఆ బొట్టు రోజంతా చెదిరేది కాదు. మేకప్ వేసిన నుదుటి మీద కూడా మైనపు పలుచని చుక్క పెట్టి కుంకుమ నిలపడం ఈనాటికీ అన్నిటికన్నా మంచి పద్ధతి. బొట్టు పైన, పాపిటబిళ్ళ కింద బాసికానికి చోటు ఉండాలి. రెండు చివర్ల దారాలతో తల వెనుక కట్టే ఈ నుదుటి ఆభరణం లేకుండా పెళ్ళిపీటలెక్కడం లేదు, అయినా పాపిటబిళ్ళ కొనేటప్పుడు దాన్ని ఎవరూ తలచుకోరు. బిళ్ళ మరీ పెద్దదై కనుబొమల దాకా వేలాడితే బాసికం దాని మీద పడి రెండూ మసకబారతాయి. బుగ్గన, గడ్డాన పెట్టే దిష్టిచుక్కను బాసికం కట్టిన తరువాత పెడితే దాని స్థానం సరిగా కుదురుతుంది.

చేతులకు గోరింటాకు పెళ్ళికి రెండు రాత్రుల ముందు పెడితే, రంగు రోజు రోజుకూ ముదిరి సరిగ్గా ముహూర్తానికి పండుతుంది. గంటలోనే నల్లగా పండే కోన్లలో జుట్టుకు వేసే రంగులోని రసాయనం కలిపి ఉంటుంది, అది చర్మాన్ని బొబ్బలెక్కించగలదు. నల్లగా పండే గోరింటాకు చెట్టు ఏదీ లేదు.

చీర, నడుము, పీటలు

పెళ్ళిచీర ఎంపికలో రంగు గురించి గంటలు గడిపే కుటుంబాలు దాని బరువు గురించి ఒక నిమిషం కూడా ఆలోచించవు. కంచిపట్టులో కోర్వై అంచు, అంటే చీర ఒడలు ఒక రంగులో, అంచు వేరొక రంగులో విడిగా నేసి పోగుపోగునా పెనవేసిన అంచు, జరీ నిండుగా ఉన్నప్పుడు చీర కిలో దాకా తూగవచ్చు. ధర్మవరం పట్టు కూడా నిండైనదే. వేసవిలో హోమం పక్కన కూర్చోవలసిన వధువుకు గద్వాల చీర ఒక చక్కని ఉపాయం, దాని ఒడలు నూలు, అంచూ పైటకొంగూ పట్టు. అన్నవరంలో రత్నగిరి మీద సత్యనారాయణస్వామి సన్నిధిలో పెళ్ళి పెట్టుకున్నవారికి అదే కాకినాడ జిల్లాలో నేసే ఉప్పాడ జాందానీ అతి తేలికైన పట్టు. కృత్రిమ దారపు చీరలు మాత్రం హోమగుండం దగ్గరికి తగవు, నిప్పురవ్వ పడితే అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి; లాజహోమంలో వధువు గుండానికి అతి సమీపంలో చేయి చాచి పేలాలు వేస్తుందన్నది మరువరాదు.

చాలా ఇళ్ళలో జీలకర్ర బెల్లం తరువాత వధూవరులు మధుపర్కాలు కట్టుకుంటారు. ఇవి ఎర్రని లేదా పసుపు అంచున్న తెల్లని బట్టలు. అంటే క్రతువు మధ్యలో, గుడి ఇచ్చిన ఇరుకు గదిలో, పది పదిహేను నిమిషాల్లో వధువు చీర మార్చుకోవాలి. వీపున హుక్కులున్న జాకెట్టు, దానికి పిన్ను పెట్టిన జడ, పైటకు కుట్టిన వడ్డాణం ఉంటే ఆ పదిహేను నిమిషాలు గంట అవుతాయి. రెండు చీరలకూ సరిపోయే ఒకే జాకెట్టు కుట్టించడం, అది కుదరకపోతే ముందు హుక్కుల జాకెట్టునే ఎంచడం, జడనూ నగలనూ జాకెట్టుకు గానీ చీరకు గానీ తగిలించకపోవడం, ఈ మార్పును ముందురోజు ఇంట్లో గడియారం పెట్టుకుని ఒకసారి చేసి చూడటం అవసరం. మధుపర్కం తెల్లనిది కాబట్టి పాదాల పారాణి పూర్తిగా ఆరాకే కట్టాలి.

వడ్డాణం కొలత నిలబడి తీసుకుంటే తప్పు వస్తుంది. బాసింపట్టు వేసుకుని కూర్చున్నప్పుడు నడుము చుట్టుకొలత పెరుగుతుంది, పొట్ట మీద లోహం ఒత్తుకుంటుంది, ఊపిరి బిగుసుకుంటుంది. కాబట్టి పీట మీద కూర్చుని, కింద లంగా, కుచ్చిళ్ళ మందం కూడా కలుపుకొని కొలవాలి. వంకీకీ ఇదే వర్తిస్తుంది, తలంబ్రాలు పోయడానికి చేతులెత్తినప్పుడు దండ బిగుస్తుంది. చీర కుచ్చిళ్ళు కూడా ఉత్త కాళ్ళతో నిలబడి పెట్టుకోవాలి, ఎందుకంటే గుడిలో చెప్పులుండవు. ఎత్తుమడమల జోడుతో సరిచేసిన కుచ్చిళ్ళు అక్కడ నేల మీద పడి, మెట్టెలు తొడగడానికి సన్నికల్లు మీద పాదం పెట్టే వేళ కాలికి చుట్టుకుంటాయి. వధువును గంపలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొచ్చే ఆచారం ఉన్న ఇళ్ళలో గంప అంచుకు పాతచీర ఒకటి చుట్టి ఉంచితే వెదురు పుల్లలు జరీని లాగవు.

నగల్లో బంగారమే కావాలన్న పట్టుదల అనవసరం. వెండి మీద బంగారు రేకు తొడిగి కెంపులు పొదిగే దేవాలయ నగల పనికి కన్యాకుమారి జిల్లాలో నాగర్‌కోయిల్ దగ్గరి వడసేరి పేరెన్నికగన్నది, నాగర్‌కోయిల్ దేవాలయ నగలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అద్దెకు తెచ్చే నగలైతే లోపలి వైపు చర్మానికి తగిలే లోహం పడుతుందో లేదో ముందే అరగంట పెట్టుకుని చూడాలి. బరువైన బుట్టకమ్మలకు మాటీలు, అంటే చెవి నుంచి జుట్టులోకి పోయే గొలుసులు, సొగసు కోసమే కాక తమ్మెల మీది బరువును జుట్టుకు పంచడానికి పుట్టినవి. వాటిని తీసేసి బుట్టలు మాత్రమే పెట్టడం చెవులకు శిక్ష.

వేళ, చోటు, గుడి నియమం

ముహూర్తం తెల్లవారుజామున 4 గంటలకు అనుకుంటే, గౌరీపూజకు వధువు 2:30కల్లా సిద్ధంగా ఉండాలి. జడకు గంట, ముఖానికి గంటన్నర, చీరకూ నగలకూ ముప్పావు గంట, గుడి దగ్గరి రద్దీకి అరగంట కలుపుకుంటే రాత్రి 10:45కే పని మొదలవాలన్నమాట. ఇలా ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవడం తప్ప వేరే మార్గం లేదు, ఎందుకంటే గుడిలో ఒక పెళ్ళి వెంట ఇంకొక పెళ్ళి ఉంటుంది, మండపం ఎవరికోసమూ ఆగదు. ఈ లెక్కలో వధువు ఆకలి కూడా చేరాలి. చాలా కుటుంబాల్లో ఆమె ఆ పూట ఉపవాసం. పెద్దల అనుమతితో పాలు, పళ్ళు, కొబ్బరినీళ్ళు వేళకు అందించకపోతే హోమం సెగకు కళ్ళు తిరిగే ప్రమాదం ఉంది. కొబ్బరినీళ్ళు గొట్టంతో తాగితే పెదవుల రంగు కూడా చెదరదు.

ఏ గుడి నియమం ఆ గుడిదే, దాన్ని అలంకరణకు ముందే అడిగి తెలుసుకోవాలి. తిరుమలలో కొండ మీది పూలన్నీ స్వామికే చెందుతాయన్న ఆచారం ఉంది, అక్కడ దర్శనానికి వెళ్ళే స్త్రీలు తలలో పూలు పెట్టుకోరు. తిరుమల కొండ మీద పెళ్ళి తలపెట్టిన కుటుంబం ఇంటి నుంచే మూరల కొద్దీ మల్లెలు కట్టుకుని బయలుదేరకుండా అక్కడి పురోహితులను అడిగి, జడబిళ్ళలతోనే జడను నింపే ఏర్పాటు చేసుకోవడం మర్యాద. ఆ జడకు పూలు లేవన్న లోటు కనిపించదు, దానికి కావలసిన నిండుదనం జడబిళ్ళల్లోనే ఉంది.

పెళ్ళి ముగిశాక అలంకారం తీయడానికి కూడా ఒక క్రమం ఉంది. ముందు చెవుల బరువు, తరువాత నడుము, ఆ తరువాత జడ విప్పాలి. నడినెత్తిన ఆరిపోయిన బెల్లాన్ని దువ్వెనతో గీకకూడదు. గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డను దాని మీద పది నిమిషాలు పరిస్తే అది తనంతట తానే కరుగుతుంది, జీలకర్ర గింజలు కుంకుడురసంతో వెళ్ళిపోతాయి. ముఖానికి కొబ్బరినూనె రాసి మెత్తగా తుడిచాక మామూలు సబ్బు చాలు. మెడలోని పసుపుతాడు మాత్రం అలాగే ఉంటుంది, పదహారు రోజుల పండుగ నాడు సూత్రాలను బంగారు గొలుసులోకి మార్చేదాకా రోజూ స్నానం తరువాత ఆ తాడు కింద తడి లేకుండా తుడిచి, చిటికెడు పసుపు అద్దుకుంటే చర్మం రేగదు. ఆ పదహారు రోజులూ మెడకు సెంటు తగలనివ్వకపోవడం మంచిది.